జీపీజీ, ఆప్ట్ కీలు: పనితనానికి ఐదు, మాట తీరుకు రెండు

జీపీజీకి కూడా రివ్యూనా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మిక్సీలకు, ఇయర్‌ఫోన్లకు, మండీ సెంటర్లకు పేజీలు పేజీలు రాస్తాం. లైనక్స్ లాప్‌టాప్‌లోకి దిగే ప్రతి ప్యాకేజీ (ఒక సాఫ్ట్‌వేర్ మూట) నిజంగా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూసిపెట్టే ఈ సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం తెలుగులో నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. అందుకే రాస్తున్నా.

నాది హన్మకొండలో చిన్న కంప్యూటర్ షాపు. రిపేర్లు, ఎస్ఎస్‌డీలు, ర్యామ్‌లు మామూలే, వాటితోపాటు పాత లాప్‌టాప్‌లకు లైనక్స్ ఎక్కించడం. కిషన్‌పుర హాస్టళ్ళ నుంచి, కేయూ వైపు నుంచి, కాజీపేట నుంచి పిల్లలు వస్తుంటారు. లైనక్స్ రకాల్లో సగం మందికి ఉబుంటు కావాలి, మిగతా వాళ్ళలో చాలామందికి హ్యాకింగ్ పనిముట్లతో వచ్చే కాలీ కావాలి, ఎందుకంటే సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరారు. పని మొదలయ్యాక వీళ్ళందరికీ తగిలే మొదటి ఎర్రర్ ఒక్కటే: నో పబ్ కీ. దాని వెనకాల ఓ పదహారు అక్షరాల గొలుసు. అక్కడ్నుంచి నాకు ఫోను, "అన్నా, ఏదో కీ లేదంటుంది, ఎట్లా తీసేయాలె?" అని. కీ లేదంటే తీసేయడమేంది తమ్మీ, పెట్టాలి.

విషయం ఏమీ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1991లో అమెరికాలో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే ప్రోగ్రామ్ వదిలాడు. అదే దారిలో, అందరూ ఉచితంగా వాడుకునేలా, జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ రాసింది జీపీజీ, పూర్తి పేరు గ్నూ ప్రైవసీ గార్డ్. దాని 1.0 వెర్షన్ 1999లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళ దగ్గర రెండు కీలుంటాయి. ప్రైవేట్ కీ వాళ్ళ దగ్గరే దాచుకుని దాంతో ఫైలు మీద సంతకం పెడతారు, పబ్లిక్ కీ ఊరందరికీ ఇస్తారు, దాంతో మనం ఆ సంతకాన్ని సరిచూస్తాం. ఫైల్లో ఒక్క బిట్ మారినా సంతకం కుదరదు. పబ్లిక్ కీ ఎవరి చేతికి చిక్కినా దాంతో సంతకం మాత్రం పెట్టలేరు. లెక్క ఇంతే. ఇది ఏళ్ళుగా నమ్మకంగా నడుస్తోంది, పైసా తీసుకోదు, దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ దొరుకుతుంది. విండోస్ వాళ్ళకు జీపీజీ ఫర్ విన్ అని ఉంది, అందులో క్లియోపాట్రా అనే బొమ్మల మెనూ కూడా వస్తుంది.

ఇక వాడకం. ఉబుంటు ఐఎస్ఓతోనే (లైనక్స్ మొత్తాన్ని ఎక్కించే ఒకే పెద్ద ఫైలు) మొదలుపెడదాం, మన దగ్గర ఎక్కువ చేతులు మారేది అదే కాబట్టి. 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ దాదాపు 6 జీబీ ఉంటుంది. హాస్టల్ వైఫైలో అంత ఫైలు దించాలంటే తెల్లారుతుంది, అందుకని ఎవడో ఒకడు దించితే మిగతా వాళ్ళంతా పెన్‌డ్రైవ్‌లో కాపీ కొట్టుకుంటారు. అలా పది చేతులు మారిన ఐఎస్ఓను నమ్మొచ్చా? సంతకం సరిచూస్తే భేషుగ్గా నమ్మొచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఫైలు ఏ దారిన వచ్చిందన్నది లెక్కలోకే రాదు. పెన్‌డ్రైవ్ కావచ్చు, టోరెంట్ కావచ్చు, ముక్కూ మొహం తెలియని మిర్రర్ (అసలు సైట్‌కి నకలు సర్వర్) కావచ్చు. కీ ఒక్కటి సరైన చోటు నుంచి వస్తే చాలు, ఫైలు ఎక్కడ్నుంచి వచ్చినా ఫరవాలేదు.

చేయాల్సింది ఇదీ. ఉబుంటు రిలీజుల పేజీలో ఐఎస్ఓ పక్కనే షా 256 సమ్స్ అని చిన్న ఫైలుంటుంది, దానికి సంతకంగా జీపీజీ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఇంకో ఫైలుంటుంది. రెండూ కొన్ని కేబీలే కాబట్టి మొబైల్ డేటాతో దించుకున్నా నష్టం లేదు. జీపీజీకి వెరిఫై అని చెప్పి ఆ రెండు ఫైళ్ళూ ఇస్తే సంతకం సరిచూస్తుంది. అది కుదిరాక షా 256 సమ్ కమాండ్‌తో ఐఎస్ఓ హాష్ (ఫైలు మొత్తాన్నుంచి తీసే చిన్న గుర్తు, ఫైలు మారితే ఇదీ మారుతుంది) లెక్కగట్టి, ఆ చిన్న ఫైల్లో ఉన్నదాంతో కలుస్తుందో లేదో చూడాలి. కొంతమంది రెండో సగం మర్చిపోతారు. సంతకం ఉన్నది హాష్‌ల జాబితా మీద, ఐఎస్ఓ మీద కాదు. జాబితా అసలుదే అని తేల్చుకుని ఐఎస్ఓను దాంతో పోల్చకుండా లేచిపోతే ఏం లాభం?

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం. అన్నీ సరిగ్గా చేశారనుకోండి. జీపీజీ ఏమంటుంది? మొదట "గుడ్ సిగ్నేచర్" అంటుంది, పక్కన ఉబుంటు సీడీ ఇమేజ్ ఆటోమేటిక్ సైనింగ్ కీ, 2012 అని పేరు చూపిస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు కింద పెద్దక్షరాల్లో "వార్నింగ్" అని మొదలుపెట్టి, ఈ కీకి నమ్మదగిన సంతకంతో ధ్రువీకరణ లేదు, ఈ సంతకం ఆ పేరుగలవాళ్ళదే అనడానికి ఆధారం ఏమీ లేదు అంటుంది. పై లైనులో బాగుందన్నావు, కింది లైనులో నాకు తెలియదంటున్నావు, నేనేం చేసేది? కొత్తవాడు ఎవడైనా ఇక్కడ టెన్షన్ పడతాడు. ఒకరిద్దరు ఐఎస్ఓ పాడైందనుకుని 6 జీబీ మళ్ళీ దించుకున్నారు కూడా.

ఆ మెసేజ్‌కి అర్థం ఇది: ఈ కీ తాలూకు ప్రైవేట్ సగం ఎవరి దగ్గరుందో వాళ్ళే సంతకం పెట్టారు, అంతవరకు గ్యారంటీ, కానీ ఈ కీ నిజంగా ఉబుంటు వాళ్ళదేనా అన్నది నువ్వు తేల్చుకో. చెప్పింది నిజమే, ఒక్క అబద్ధం లేదు. చెప్పిన తీరే దరిద్రం. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఇంకో రెండు లైన్లు కలిపి, ఫింగర్‌ప్రింట్ పోల్చుకోండి, కలిస్తే భయం లేదు అని చెప్పడానికి ఏమైంది? రేటింగ్‌లో మూడు చుక్కలు పోయింది అచ్చంగా ఇక్కడే.

ఫింగర్‌ప్రింట్ అంటే ఆ కీకి సంబంధించిన 40 అక్షరాల వరుస, నాలుగు నాలుగుగా విడగొట్టి చూపిస్తుంది. మా షాపులో ఇద్దరం కూర్చుని సరిచూస్తాం. లాప్‌టాప్ తెచ్చిన పిల్లవాడు తన ఫోన్లో ఉబుంటు సైట్ తెరిచి అక్కడున్న ఫింగర్‌ప్రింట్ పైకి చదువుతాడు, నేను స్క్రీన్ మీద వేలు పెట్టి చూస్తూ పోతాను. 8439 దగ్గర మొదలై 1092 దగ్గర ఆగుతుంది. నిమిషం కూడా పట్టదు. చివరి నాలుగు కలిశాయి కదా అని మధ్యలో ఆపేసేవాళ్ళకు ఒక మాట. చివరి ఎనిమిది అక్షరాలు మాత్రమే కలిసేలా దొంగ కీ తయారుచేయడం మామూలు గ్రాఫిక్స్ కార్డుతో సెకన్ల పని అని 2014లోనే చేసి చూపించారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరుతోనే అలాంటి నకిలీ కీ కీసర్వర్లో (పబ్లిక్ కీలు పంచే సర్వర్) తిరిగింది. కాబట్టి నలభై అంటే నలభై చూడాల్సిందే.

ఇందులో ఒక సులువు కూడా ఉంది. ఇంట్లోనో, రూమ్మేట్ దగ్గరో ఇప్పటికే ఒక ఉబుంటు మెషీన్ నడుస్తుంటే ఆ 2012 కీ అందులోనే ఉంటుంది, ఉబుంటు కీరింగ్ (కీల గుత్తి) ప్యాకేజీతోపాటు వచ్చేస్తుంది. కొత్త ఐఎస్ఓను ఆ మెషీన్లో సరిచూడండి, కీ కోసం నెట్‌లో వెతకాల్సిన పని ఉండదు.

అయితే హాష్ ఒక్కటి చూస్తే సరిపోదా, ఈ సంతకం గోల ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్‌కి (ఇదీ ఒక లైనక్స్ రకమే) జరిగింది చెబుతాను. ఎవడో వాళ్ళ వెబ్‌సైట్‌లోకి దూరి, 17.3 సినమన్ ఐఎస్ఓ లింకును మార్చి, బల్గేరియాలో ఉన్న ఒక సర్వర్ వైపు తిప్పాడు. అక్కడున్న ఐఎస్ఓలో సునామీ అనే బ్యాక్‌డోర్ (లోపలికి దొంగదారి) కలిపి పెట్టాడు. ఆ రోజు ఆ సైట్ నుంచి ఆ లింకు నొక్కి దించుకున్నవాళ్ళకు అదే దిగింది. ఇప్పుడు ఆలోచించండి, లింకునే మార్చగలిగినవాడికి అదే పేజీలో పక్కనున్న చెక్‌సమ్ (అంటే ఆ హాషే) మార్చడం ఒక లెక్కా? మన వైపు రైతులకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నకిలీ మిర్చి విత్తనాలు అమ్మినవాడే ప్యాకెట్ మీద లేబులూ వాడే కొట్టిస్తాడు, ఆ లేబుల్ చూపించి అసలుదే తీసుకోపో అంటాడు. ఫైలు ఇచ్చిన పేజీయే హాష్ కూడా ఇస్తే, డౌన్‌లోడ్ మధ్యలో చెడిపోలేదని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. సంతకం పెట్టే ప్రైవేట్ కీ వెబ్‌సైట్ సర్వర్లో ఉండదు కాబట్టి సైట్‌ని కొల్లగొట్టినవాడు కూడా సంతకం పెట్టలేడు. కానీ వాడు తన సొంత కీ తయారుచేసి, ఇదే మా కీ అని అదే పేజీలో పెట్టొచ్చు. అందుకే కీని, ఫింగర్‌ప్రింట్‌ని ఒకటికి రెండు చోట్ల చూసుకోమనేది.

సరే, ఐఎస్ఓ కథ ఒక్కసారితో అయిపోతుంది. రోజువారీ పని చేసేది ఆప్ట్, ఉబుంటులో ప్యాకేజీలు దించి ఎక్కించే పనిముట్టు. దీనికి మాత్రం ఎంత పొగిడినా తక్కువే. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో 2007లో వచ్చిన ఎట్చ్ వెర్షన్ నుంచి ఈ సంతకాల ఏర్పాటు ఉంది. రిపోలో (ప్యాకేజీలన్నీ పెట్టే సర్వర్) ఇన్ రిలీజ్ అని ఒక ఫైలుంటుంది, దాని మీదే సంతకం. దాని లోపల ప్యాకేజీల జాబితా ఫైళ్ళ హాష్‌లుంటాయి. ఆ జాబితాలో ప్రతి డెబ్ ఫైలు (అంటే ఒక్కో ప్యాకేజీ) హాష్ ఉంటుంది. అంటే పైనున్న ఒక్క సంతకం నుంచి కిందున్న వేల ప్యాకేజీల దాకా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఫెడోరా లాంటి లైనక్స్‌లు వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల పద్ధతి వేరు, ఫెడోరాలో ప్రతి ప్యాకేజీ మీదా విడిగా సంతకం ఉంటుంది. నాకు రెండూ బాగానే ఉన్నాయి, ఏది గొప్ప అని కొట్టుకోవడం నాతో కాదు.

మన ఎన్ఐటీ కుర్రాడొకడు రిపోల అడ్రసులు రాసుండే సోర్సెస్ ఫైలు చూసి, "అన్నా, ఇదేంది, హెచ్‌టీటీపీ అనుంది, ఎస్ లేదు, సేఫ్ కాదు కదా" అన్నాడు. మంచి ప్రశ్న. దారిలో ఎవడైనా ప్యాకేజీని మారిస్తే హాష్ కలవదు, ఆప్ట్ ఒప్పుకోదు, కాబట్టి ఎస్ లేకపోయినా ఫైలుకొచ్చే ప్రమాదం తక్కువే, మీరేం దించుకుంటున్నారో దారిలో వాళ్ళకు కనిపిస్తుంది, అంతే. పాత జాబితానే పట్టుకుని, కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు రానీయకుండా ఎవడైనా మిర్రర్‌ని ఆపేస్తే? దానికీ మందుంది. డెబియన్ సెక్యూరిటీ రిపోల్లాంటి వాటిలో వ్యాలిడ్ అంటిల్ అని ఒక తేదీ ఉంటుంది, అది దాటితే ఆప్ట్ అరుస్తుంది. లాప్‌టాప్‌లో సీమాస్ బ్యాటరీ అయిపోయి గడియారం తప్పినా ఈ తేదీల ఎర్రర్లే వస్తాయి, ముందు టైమ్ చూసుకోండి. అయితే 2019 జనవరిలో ఆప్ట్‌లోనే ఒక లోపం బయటపడింది, హెచ్‌టీటీపీ దారి మళ్ళింపులో మధ్యలోవాడు మోసం చేసే వీలుండేది. వెంటనే సరిదిద్దారు. అప్పట్నుంచి నేను మాత్రం వీలున్నచోటల్లా ఎస్ ఉన్న మిర్రరే పెడుతున్నా. రెండూ ఉంటే నష్టమేముంది.

అసలు చిక్కు మూడో పార్టీ రిపోలతో వస్తుంది. డాకర్, నోడ్, బ్రౌజర్లు, డేటాబేస్‌లు, వీటి రిపో పెట్టాలంటే వాళ్ళ కీ కూడా పెట్టాలి. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి ఆప్ట్ కీ యాడ్ అని కొట్టేస్తారు. అది ఎప్పుడో వద్దన్న పద్ధతి, ఉబుంటు 22.04 నుంచీ ప్రతి అప్‌డేట్‌కీ లెగసీ ట్రస్టెడ్ కీరింగ్ అంటూ సణుగుతూ ఉంటుంది. సణగడానికి కారణం ఉంది. అలా పెట్టిన కీ ఒక ఉమ్మడి డబ్బాలో పడుతుంది. డబ్బాలో ఉన్న ఏ కీ అయినా ఏ రిపోకైనా సంతకం పెట్టొచ్చు. అంటే ఒక చిన్న ఎడిటర్ కోసం పెట్టిన కీ, ఉబుంటు అసలు రిపోకి కూడా చెల్లుబాటే. ఇది ఎంత ఘోరమో చూడండి.

ఇప్పటి పద్ధతిలో కీ ఫైలును ఈటీసీ, ఆప్ట్, కీరింగ్స్ ఫోల్డర్లో విడిగా పెట్టి, రిపో లైన్లో సైన్డ్ బై అని రాసి ఆ ఫైలు దారి చూపించాలి. అప్పుడు ఆ కీ ఆ రిపోకే పనిచేస్తుంది. రాయడానికి ఒక్క లైనే. మా షాపుకొచ్చిన లాప్‌టాప్‌లో పాత పద్ధతిలో కీలు కనిపిస్తే అడగకుండానే ఇలా మార్చిపెడతాను, దానికి విడిగా పైసలేమీ తీసుకోను. దీనికో పరిమితి ఉందన్నది కూడా చెప్పాలి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దాంట్లోని స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే ఏదైనా చేయగల అధికారంతో నడుస్తాయి. అంటే ఒక రిపోని చేర్చి దాంట్లోంచి ఏదైనా ఎక్కించారంటే మీ మెషీన్ మొత్తాన్ని వాళ్ళ చేతిలో పెట్టినట్టే. సైన్డ్ బై దాన్ని ఆపదు. అసలు ఆ రిపో అవసరమా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి. సగం సార్లు అదే సాఫ్ట్‌వేర్ ఉబుంటు రిపోలోనే ఉంటుంది, కొంచెం పాత వెర్షన్, అంతే.

కాలీ వాడే పిల్లలకు 2025 ఏప్రిల్ బాగా గుర్తుండాలి. ఆ నెలాఖరున కాలీ వాళ్ళే ప్రకటించారు, రిపో సైనింగ్ కీ మా చేయి దాటిపోయింది, దొంగతనం కాదు, మాకే యాక్సెస్ లేకుండా పోయింది, కాబట్టి కొత్త కీ చేశాం, మీరంతా దాన్ని చేత్తో దించుకోవాలి అని. అలా చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, మెచ్చుకోవాల్సిందే. కొత్త కీ ఫింగర్‌ప్రింట్ 827తో మొదలవుతుంది. కొత్త కీరింగ్ ఫైలు ఎక్కడుందో చెప్పారు, దాని చెక్‌సమ్ ఇచ్చారు, కీ మీద డెవలపర్ల సంతకాలు కూడా ఉన్నాయి కావాలంటే చూసుకోమన్నారు. ఇంతకన్నా పద్ధతిగా ఎవరు చేస్తారు? మరి మన పిల్లలు ఏం చేశారు? మిస్సింగ్ కీ అని రాగానే ఎక్కడో చూసి సోర్సెస్ లైన్లో ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్ అని రాసేశారు. ఎర్రర్ పోయింది, అప్‌డేట్ నడిచింది, ఖుషీ. అలా రాస్తే ఆప్ట్ ఆ రిపో సంతకం చూడటమే మానేస్తుంది, ఎవడు ఏమిచ్చినా కళ్ళు మూసుకుని తీసుకుంటుంది. హ్యాకింగ్ నేర్చుకోవడానికి పెట్టుకున్న మెషీన్లో ఈ లైను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకతని లాప్‌టాప్‌లో నెలల తర్వాత కూడా అది అలాగే ఉంది. "పనిచేస్తుంది కదన్నా" అన్నాడు. పనిచేస్తుంది, ఎవడికి పనిచేస్తుందన్నదే తెలియదు.

గడువు తీరిన కీల సంగతి ఇంకో చిరాకు. కీకి గడువు పెట్టడం మంచిదే, కానీ కంపెనీలు సమయానికి పొడిగించవు. ఒక ప్రింటర్ డ్రైవర్ రిపో ఉండేది, కంపెనీ పేరు చెప్పను. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే ఒకాయన ఆఫీసు మెషీన్లలో అదే పెట్టుకున్నాడు. ఒక పొద్దున అన్నిట్లోనూ ఎక్స్‌ప్ కీ సిగ్ అని వచ్చింది. సపోర్టుకు రాస్తే వాళ్ళిచ్చిన సలహా, చెకింగ్ ఆపేసుకోండి అని. తాళం మేం మార్చం, తలుపు మీరే తీసిపెట్టుకోండి అన్నట్టుంది వాళ్ళ వ్యవహారం. ఆ రిపోని తీసేయించి, లైనక్స్‌తోనే వచ్చే డ్రైవరే పెట్టించాను. స్కానర్ బటన్ ఒకటి పనిచేయలేదు, ఆయన సర్దుకున్నాడు.

ఇంత పొగిడాక సంతకం చేయలేనిది కూడా చెప్పకపోతే రివ్యూ సగమే. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళు కుదించే సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌డోర్ బయటపడింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి దారి పెట్టేలా కోడ్ దాచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే దొరికింది. ఆ రిలీజులకు సంతకం ఉందా? పక్కాగా ఉంది. జియా టాన్ అనే పేరుతో రెండేళ్ళకు పైగా ఓపిగ్గా పనిచేసి, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ హోదా సంపాదించినవాళ్ళ కీతోనే ఉంది. జీపీజీని అడిగితే గుడ్ సిగ్నేచర్ అనే అంటుంది, అది తప్పు కూడా కాదు. ఎవరు పంపారన్నది సంతకం చెబుతుంది, పంపినవాడు మంచివాడా అన్నది దాని పని కాదు. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ళకు అది చేరలేదు, కొత్త వెర్షన్లు ముందే వచ్చే టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాళ్ళకు చేరింది. పాత వెర్షన్ అని స్టేబుల్‌ని ఎగతాళి చేసేవాళ్ళు ఆ వారం కొంచెం మెత్తబడ్డారు.

లైనక్స్‌తో సంబంధం లేనివాళ్ళు కూడా రోజూ చూసేది ఒకటుంది, ఆండ్రాయిడ్. యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు మీద సంతకం లేకపోతే ఫోను అసలు ఇన్‌స్టాలే చేయదు. ఉన్న యాప్‌కి వేరే కీతో సంతకం పెట్టిన అప్‌డేట్ వస్తే తిరగ్గొడుతుంది, ప్యాకేజీ కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. ఇంతవరకు భేష్. మరి వాట్సాప్‌లో ఆర్టీవో చలాన్ అని, పెళ్ళి పత్రిక అని, పీఎం కిసాన్ అని వచ్చే ఏపీకేల సంగతేంటి? వాటి మీదా సంతకం ఉంటుంది. ఎవడైనా కీ చేసుకోవచ్చు, ఎవడైనా సంతకం పెట్టుకోవచ్చు. మొదటిసారి ఎక్కించేటప్పుడు పోల్చుకోవడానికి ఫోన్లో పాత కీ ఏదీ ఉండదు కాబట్టి ఫోను ఒప్పుకుంటుంది. జీపీజీ ఇచ్చే ఆ వార్నింగ్ ఉంది చూడండి, సంతకం బాగానే ఉంది, మనిషెవరో నువ్వు తేల్చుకో అని, ఇక్కడ అది అక్షరాలా వర్తిస్తుంది, కాకపోతే ఫోను తెలియని యాప్ అని ఏదో ఒకటి అడుగుతుంది, మనవాళ్ళు చూడకుండా ఓకే నొక్కుతారు. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో తెలియని చోటు నుంచి యాప్‌లు ఎక్కించే పర్మిషన్ ఆపేయండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను కొట్టండి.

పైథాన్ వాళ్ళ కోసం ఒక్క ముక్క. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైట్‌లో పీజీపీ సంతకాలు అప్‌లోడ్ చేసే వీలుండేది, 2023 మేలో దాన్ని తీసేశారు. ఆ ప్యాకేజీలు ఎక్కించే పిప్ ఎప్పుడూ వాటిని సరిచూడలేదు, పైగా వాడిన కీలలో దాదాపు 30 శాతం ప్రముఖ కీసర్వర్లలో దొరకనేలేదని వాళ్ళే లెక్క తేల్చారు. సంతకం ఉన్నా చూసేవాడు లేకపోతే ఉత్త బరువే. ఆప్ట్ గెలిచింది సరిగ్గా ఇక్కడే, మనల్ని అడగకుండా తనే చూస్తుంది, కుదరకపోతే ముందుకు కదలదు. మనం దాన్ని కదిలించడానికి అడ్డదారులు వెతక్కుండా ఉంటే చాలు.

కీసర్వర్ల గురించి ఎక్కువ రాయను. 2019లో ఎస్‌కేఎస్ అనే పాత కీసర్వర్లలోని కొన్ని కీలకు ఎవరో చెత్త సంతకాలు గుట్టలుగా తగిలించారు, వాటిని దించుకుంటే జీపీజీ ఎక్కడికక్కడ బిగుసుకుపోయి ఆగిపోయేది. అప్పట్నుంచి నేను కీలను వీలైనంతవరకు ప్రాజెక్టు వాళ్ళ సొంత సైట్ నుంచే తెచ్చుకుంటున్నా, ఫింగర్‌ప్రింట్ ఇంకోచోట పోల్చుకుంటున్నా.

మార్కులు: ఆప్ట్ చేసే పనికి ఐదుకు ఐదు. జీపీజీ లెక్కకు, గట్టిదనానికి కూడా ఐదే. జీపీజీ మాట్లాడే తీరుకు రెండు, ఆ రెండూ కూడా అబద్ధం చెప్పనందుకు. క్లియోపాట్రాకు మూడున్నర, విండోస్‌లో టోర్ బ్రౌజర్ లాంటివి దించుకునేవాళ్ళకు రంగులతో చూపిస్తుంది కాబట్టి కొంచెం తేలిక. మారుతున్న సంగతులు కూడా ఉన్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆప్ట్ సంతకాలు చూడటానికి జీపీజీ తాలూకు పాత పనిముట్టు బదులు సెక్వోయా అనే వేరే ప్రాజెక్టు వాళ్ళ ఎస్‌క్యూవీ వాడుతోంది. ఉబుంటు 24.04 అయితే 1024 బిట్ల పాత ఆర్‌ఎస్‌ఏ కీలను బలహీనం అని పట్టిస్తోంది, మీ పాత పీపీఏ (ఎవరైనా సొంతంగా నడిపే ఉబుంటు రిపో) ఏదైనా అలా అరిస్తే అది మీ తప్పు కాదు.

షాపుకు వచ్చేవాళ్ళు లాప్‌టాప్‌తోపాటు ఛార్జర్ తెచ్చుకోండి, ఐఎస్ఓ మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నా సరే తెండి, ఇద్దరం కలిసి సరిచూద్దాం. ఆర్చ్ అనే ఇంకో రకం లైనక్స్ వాడేవాళ్ళూ, పరీక్షలు అయ్యేదాకా నెలల తరబడి అప్‌డేట్ చేయకుండా వదిలేసి ఒకేసారి మొత్తం అప్‌డేట్ కొడితే ఇన్‌వ్యాలిడ్ సిగ్నేచర్ అని వస్తుంది. కంగారు పడి, సంతకం చూడటమే ఆపేసే సిగ్ లెవెల్ నెవర్ అని రాయకండి. ముందు ఆర్చ్ లైనక్స్ కీరింగ్ ప్యాకేజీ ఒక్కటి ఎక్కించి, వెంటనే మొత్తం అప్‌డేట్ కొట్టండి.